కాళ్ళు లేని గాడిద

నేను ఒక గాడిదను. తొందరపడి జాలిపడకండి. మూటలు మోసే రకం కాదు, టీవీలో కనిపించే రకం. నాది మెడ వరకే ఉన్న శరీరం. మెడ కింద ఒక గుడ్డ గొట్టం, అందులో దూరడానికి ఒక మనిషి చెయ్యి, అంతే. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే లోకం కదా మీది. నాకు జుట్టూ లేదు, కాళ్ళూ లేవు. అయినా ఇరవై నాలుగేళ్ళపాటు చదువుకున్న ఆఫీసర్లు తమ మంచిచెడ్డలు నాతోనే చెప్పుకున్నారు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని మీరు చాలా సంగతులు లోపలే దాచుకుంటారు. నాకు ఆ భయం లేదు కాబట్టి మొత్తం చెప్పేస్తాను.

నేను పుట్టింది హైదరాబాదులో ఒక టీవీ కేంద్రం మొదటి అంతస్తులో, నాటకాల బట్టలు కుట్టే గదిలో. నన్ను కుట్టిన మనిషి పేరు అండాలు. జనగామ దగ్గర మగ్గం నేసే ఇంట్లో పుట్టి, కుట్టుమిషను తొక్కడం నేర్చుకుని, ఆ కేంద్రంలో దర్జీగా చేరింది. మహారాజుల అంగరఖాలకు జరీ అంచులు, పోలీసు ఇన్‌స్పెక్టర్ల చొక్కాలకు బొత్తాలు ఆవిడే కుట్టేది. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, అచ్చంగా అలాంటిది. ఇంట్లో అత్తగారు ఏమన్నా, ఆఫీసులో అధికారి ఏమన్నా ఆమె జవాబు ఒక్కటే: "అట్లనే."

ఆ రోజుల్లో చయనుల సోమయాజులు గారని ఒక ప్రొడ్యూసరు పిల్లల కోసం కొత్త కార్యక్రమం మొదలుపెట్టారు. పేరు 'పెట్టెలో ఊరు'. పెళ్ళిపందిరంత చెక్కపెట్టె, అందులో రంగులు వేసిన ఒక ఊరు. ఆ ఊళ్ళో అన్నీ ఉత్తుత్తివే. బోర్లించిన బిందె కొండ. నీలం చీర ఏరు. గరిటె చెవి దగ్గర పెట్టుకుంటే టెలిఫోను. పెట్టె వెనక మనుషులు కింద కూర్చుని చేతులు పైకెత్తితే మేం అంచు మీదికి లేచి మాట్లాడేవాళ్ళం.

ఊరికి నాయకురాలు కుందేలు. దాన్ని కలకత్తా నుంచి తెప్పించారు. తెల్లటి బొచ్చు, గాజు కళ్ళు, అట్టపెట్టెలో పట్టుగుడ్డ చుట్టుకుని వచ్చింది. మొదటి వారం కథలో కుందేలు తెలివి చూపించడానికి ఒక తెలివితక్కువ గాడిద కావలసివచ్చింది. ఒక్క పూట పనికి కలకత్తా దాకా ఎవరు పోతారు? "ఏదో ఒకటి కుట్టమ్మా" అన్నారు సోమయాజులు గారు. "అట్లనే సార్" అంది అండాలు. ఏదో నాటకంలో గొల్లవాడు కప్పుకున్న గొంగడి ముక్క నా చర్మం. విరిగిన సోఫాలోని స్పాంజి నా బుర్ర. ఇన్‌స్పెక్టరు చొక్కా బొత్తాలు నా కళ్ళు, డాక్టరు కోటు బొత్తాలు నా పళ్ళు. ఇన్ని ఉద్యోగాలు చేసిన గాడిద మరొకటి ఉండదు.

చిత్రీకరణ రోజున జోరున వాన. గాడిదకు గొంతు ఇవ్వాల్సిన నటుడు రాలేదు. అండాలు చెయ్యి నా లోపల పెట్టి, దవడ దగ్గర కుట్టు బిగువుగా ఉందో లేదో చూస్తోంది. సోమయాజులు గారు గడియారం చూసుకుని, "ఆ గాడిద మాట నువ్వే చెప్పెయ్యమ్మా, ఒక్క వాక్యమే" అన్నారు. కాగితంలో ఉన్న వాక్యం: 'నాకేమియు తెలియదు కుందేలు గారూ.' అండాలుకు చదవడం వచ్చు గాని, కెమెరా దీపం వెలగగానే కాగితం ఏ మూలకు పోయిందో. కుందేలు తల ఊపుతూ ప్రశ్న అడిగింది. నా నోరు తెరుచుకుంది.

"నాకేం ఎర్క? అన్ని నీకే ఎర్కుంటే నన్నెందుకు అడుగుతున్నవ్?"

స్టూడియో అంతా ఘొల్లుమంది. కెమెరా పట్టుకున్న ఖాసిం గారు పొట్ట పట్టుకున్నారు. సోమయాజులు గారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ, "బాగానే ఉంది గాని, ఈ యాస..." అని ఆగి, నన్ను ఎగాదిగా చూసి, "గాడిదే కదా, పర్వాలేదు లెండి" అన్నారు. టీవీలో తెలంగాణ మాటకు ఆ రోజు దొరికిన అనుమతి అది. కుందేలుకైతే ఇచ్చేవారు కాదు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. నాలుగు వారాలు తిరిగేసరికి ఉత్తరాలు గాడిదకే రావడం మొదలైంది. ఒక్క పూట పనికి పుట్టినవాణ్ణి ఊరికి పెద్దనయ్యాను. సోమయాజులు గారు సాహిత్యం చదివిన మనిషి కనుక 'గాడిదకేం తెలుసు గంధపు వాసన' అన్న సామెత గుర్తు తెచ్చుకుని నాకు గంధం అని పేరు పెట్టారు. పిల్లలు దానికి మామ తగిలించి గంధం మామను చేశారు. కుందేలు తన గాజుకళ్ళతో నా వైపు చూసిన చూపు మీరు చూడాల్సింది. దాన్ని ఆడించే సుభాషిణి గారు మాత్రం మంచి మనిషి. పుస్తకం మాటలు అచ్చుగుద్దినట్టు పలికేది, నేను అడ్డదిడ్డంగా మాట్లాడితే అందరికంటే ముందు ఆవిడే నవ్వేది.

ఇప్పుడు మా స్టూడియో కట్టుబాటు ఒకటి చెప్పాలి. ఈ కథంతా దానిమీదే నడుస్తుంది. మొదటి ఏడు ఒక బడి పిల్లల్ని చిత్రీకరణ చూడ్డానికి తీసుకొచ్చారు. మధ్యలో సోమయాజులు గారు, "అండాలూ, కాస్త ఎడమకి" అని అరిచారు. వెంటనే ఒక చిన్నపిల్ల బిక్కమొహం వేసుకుని, "అండాలెవరు? గంధం మామ ఏడీ?" అని ఏడుపందుకుంది. అరగంట ఊరుకోబెట్టాల్సి వచ్చింది. ఆ సాయంత్రమే నియమం పెట్టారు. బొమ్మలో చెయ్యి ఉన్నంతసేపు లోపలి మనిషి లేనట్టే. ఏం చెప్పినా బొమ్మకే చెప్పాలి. జవాబు బొమ్మే ఇవ్వాలి.

పిల్లల కోసం పెట్టిన నియమం పెద్దవాళ్ళకు పట్టుకుంది. పిల్లలు లేనప్పుడు కూడా అందరూ నాతోనే మాట్లాడేవాళ్ళు. అండాలు కింద చాప మీద కూర్చుని చెయ్యి ఎత్తి ఉంటే, ఎవరూ ఆమె మొహం వంక చూసేవాళ్ళు కాదు. "గంధం మామా, రేపు రంజాన్, జర జల్దీ పోవాలె" అని ఖాసిం గారు నన్నే అడిగేవారు. నేను సోమయాజులు గారి వైపు తిరిగి, "సారూ, ఖాసిం బాయిని పంపుండ్రి, షీర్‌ఖుర్మా మనకు గూడ తెస్తడు" అనేదాన్ని కాదు, అనేవాణ్ణి. మగ గాడిదను, ఆడ గొంతు. అప్పుడప్పుడు నాకే తడబాటు. సోమయాజులు గారు సరేననేవారు. మనుషులు అడిగితే ఆలోచిస్తామనే ఆఫీసరు, గాడిద అడిగితే కాదనలేకపోయేవారు.

ఆయన కూడా తక్కువేం కాదు. భోజనం విరామంలో పెట్టె అంచు మీద మోచెయ్యి ఆనించి, "చూడవోయ్ గంధం, మా ఆవిడ కాఫీ మానెయ్యమంటోంది. ఏం చెయ్యమంటావు?" అని అడిగేవారు. "కాఫీ మానుతవో, ఆమె మాట మానుతవో సూసుకో సారూ. రొండిట్ల ఏది లేకపోతె నిద్ర వట్టదో గది ఉంచుకో" అనేవాణ్ణి. ఆయన పగలబడి నవ్వేవారు. అదే అండాలు, చెయ్యి బయటికి తీయగానే, ఆయన ఎదురుపడితే గోడవారకు తప్పుకుని, "అట్లనే సార్" అనేది. ఆయన ఏమీ అనకముందే అనేది.

ఇదంతా నా గొప్పతనమే అనుకున్నాను. స్పాంజి బుర్ర కదా. ఆమెకు ఉన్న నోరంతా నాలోనే ఉందని, నేను లేకపోతే ఆమెకు మాటే లేదని నాకు చాలా ఏళ్ళ దాకా తట్టలేదు.

ఇరవై నాలుగో ఏడు వేసవిలో నా చెవులు వణకడం మొదలుపెట్టాయి. మొదట నేను గాలి అనుకున్నాను. తరువాత దవడ. చిత్రీకరణ మధ్యలో ఖాసిం గారు కెమెరా ఆపి, "ఏమైంది మామా, సలి పెడుతుందా?" అని అడిగారు. రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ. లోపలి చెయ్యి ఒక్క క్షణం బిగుసుకుంది. తరువాత నా నోరు తెరుచుకుంది. "ఔ బాయీ. చలి వెడుతున్నది."

సోమయాజులు గారికి అది కథలాగా వినిపించింది. "భేష్! గంధానికి చలిజ్వరం. ఇది రెండు వారాలు నడుస్తుంది" అన్నారు. నడిచింది. కుందేలు వైద్యురాలైంది, మిరియాల కషాయం పెట్టింది, నేను మూతి విరిచి తాగాను. దేశం మీద నాలుగు మూలల నుంచీ పొట్లాలు వచ్చాయి. మిరియాలు, శొంఠి, తులసాకులు, రెండు చెవులకూ కంతలు పెట్టిన ఉన్ని టోపీలు తొమ్మిది. ఎండలు నలభై రెండు దాటిన ఊళ్ళలో పిల్లలు కూర్చుని గాడిదకు ఉన్ని టోపీలు అల్లించారు. వాటన్నింటినీ అండాలు మడతపెట్టి ట్రంకుపెట్టెలో దాచింది.

కాని వణుకు తగ్గలేదు. ఒక మధ్యాహ్నం ఆమె ఆసుపత్రి నుంచి నేరుగా కుట్టుగదికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, నన్ను చేతికి తొడుక్కుని నా మొహం తన వైపు తిప్పుకుంది. అలా ఆమె ఎప్పుడూ చేయలేదు.

"గంధం, నరాల జబ్బంట. పోదంట. మెల్లమెల్లగ ఎక్కువైతదంట" అంది.

"గట్లనా అండాలూ? మరి డాక్టరుకు నువ్వేమన్నవ్?" అన్నాను నేను, అంటే ఆమే.

"అట్లనే సార్ అన్న."

ఇద్దరం నవ్వాం. తరువాత ఆమె నన్ను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నాకు కన్నీళ్ళు లేవు, బొత్తాలున్నాయి. ఆ రోజు బొత్తాలున్నందుకు సిగ్గుపడ్డాను.

ఆ తరువాతి వారం కాగజ్‌నగర్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నాలుగో తరగతి చదివే అఖిల అనే పిల్ల రాసింది. ఉత్తరాలన్నీ నాకు వినిపించేలా చదవడం అండాలుకు అలవాటు. ఈ ఉత్తరం మూడుసార్లు చదివింది.

'గంధం మామా, మా నాయనమ్మ చెయ్యి గూడ నీ లెక్కనే వణుకుతది. నువ్వు తాగిన కషాయమే పొద్దుకు మూడుసార్లు తాగిపిస్తున్న. నోరు మండుతుందని ఏడుస్తది. అయినా నేను విడువను. నెల అయింది, తగ్గుతలేదు. నీకు తగ్గిందా? ఎన్ని దినాలకు తగ్గింది?'

ఆ ముసలమ్మ నోరు మండుతోంది నా అబద్ధం వల్ల. పిల్లలు నా మాట వింటారని ఊరంతా మురిసిపోయాం గాని, ఇంత నమ్మకంగా వింటారని ఎవరూ అనుకోలేదు. అండాలు ఉత్తరం పట్టుకుని సోమయాజులు గారి గదికి వెళ్ళింది. నేను ఆమె సంచిలో ఉన్నాను.

"ఏమ్మా?" అన్నారాయన, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని.

"సార్..." అంది. ఉత్తరం మళ్ళీ నా పక్కకు, సంచిలోకి దిగింది. "ఏం లేదు సార్" అని వచ్చేసింది.

మంగళవారం మా చిత్రీకరణ రోజు. ఆ రోజు అడుగుదామని నిర్ణయించుకుంది, నా నోటితో. చెయ్యి లోపలికి రాగానే నాకు తెలిసిపోయింది. వేళ్ళు వణుకుతున్నా గట్టిగా ఉన్నాయి. నేను పెట్టె అంచు మీదికి లేచి, "ఓ సారూ" అన్నాను. కాని సోమయాజులు గారూ అదే రోజు కోసం చూస్తున్నారు. ఆయనకు పైనుంచి ఉత్తర్వు వచ్చి పది రోజులైంది. గాడిద వణకడం తెరమీద బాగాలేదట, చెయ్యి మార్చమన్నారట. ఆ మాట అండాలు మొహం చూసి చెప్పలేక పది రోజులు ఆమె వస్తుంటే గదిలో ఫోను ఎత్తుకున్నారు. కర్ర విరగకుండా పాము చావకుండా బతికిన మనిషి. మొహం చూడక్కర్లేని చోటు ఆయనకు ప్రపంచంలో ఒక్కటే ఉంది. పెట్టె దగ్గరికి వచ్చి, కళ్ళజోడు తీసి, నా బొత్తాలలోకి చూశారు.

"గంధం, నీతో ఒక మాట. వచ్చే వారం నుంచి నీకు కొత్త చెయ్యి. సుభాషిణి గారు ఆడిస్తారు. గొంతు మాత్రం పాతదే. పక్కన మైకు పెడతాం. ఏమంటావు?"

ఆ మాట ఎవరికి చెప్పారో అందరికీ తెలుసు. అయినా అందరూ నా మొహమే చూస్తున్నారు. ఆమె నా కింద రెండు అడుగుల దూరంలో చాప మీద కూర్చుని ఉంది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు వంగి చూసి ఉంటే సరిపోయేది.

నా దవడ రెండుసార్లు ఊరికే ఆడింది. తరువాత మాట వచ్చింది. "అది తర్వాత సూద్దాం సారూ. మొదలు ఈ పిల్ల ఉత్తరం సంగతి చెప్పు. నాది చలిజ్వరం కాదని చెప్పాలె. ముసలామె నోరు కాలుతున్నది."

"పిల్లల కార్యక్రమంలో జబ్బుల మాట ఎత్తకూడదోయ్. పైవాళ్ళ నియమం."

"చలిజ్వరం జబ్బు కాదా?"

"అది తగ్గే జబ్బు. తగ్గే జబ్బులు పర్వాలేదు" అన్నారాయన. అన్నాక ఆ మాట ఆయనకే నచ్చలేదు. కాని అనేశారు.

తరువాతి మంగళవారం సుభాషిణి గారి చెయ్యి నాలోకి వచ్చింది. సన్నటి చెయ్యి, మెత్తటి చెయ్యి. ఏ లోపమూ లేదు. నేను నిటారుగా నిలబడ్డాను, చెవులు కదలకుండా. పక్కన స్టూలు మీద అండాలు, ముందు మైకు. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె పెట్టె బయట, దీపాల వెలుగులో, ఉత్త చేతులతో కూర్చుంది. కుడిచేతిని ఎడమచేత్తో అదిమిపట్టుకుంది.

"చెప్పమ్మా" అన్నారు సోమయాజులు గారు.

"అట్లనే సార్" అంది అండాలు.

అంతే. నా నోరు తెరుచుకుంది, మూసుకుంది. మాట రాలేదు. రెండోసారీ అంతే. మూడోసారి ఆమె పెదవులు కదిలాయి గాని గాలి తప్ప ఏమీ రాలేదు. ఓండ్ర పెట్టలేని గాడిదను మీరు చూసి ఉండరు. నేను మూడుసార్లు అలా నోరు తెరిచి మూశాను. ఆ రోజే నాకు నా సంగతి అర్థమైంది. అన్నేళ్ళు నేను మాట్లాడానా? సామెతలు చెప్పింది నేనా? ఆఫీసరును ఆటపట్టించింది నేనా? నేను ఒక గొంగడి ముక్కను. ఆమె తన నోటిని నా దగ్గర దాచుకుంది, అంతే.

సుభాషిణి గారు చెయ్యి బయటికి తీశారు. పెట్టె చుట్టూ తిరిగివచ్చి నన్ను అండాలు ఒళ్ళో పెట్టారు. "నా వల్ల కాదండీ సోమయాజులు గారూ. ఇది ఆవిడది" అన్నారు. పుస్తకం మాటలు కావు ఇవి, మామూలుగా అన్నారు.

అండాలు లేచింది. పెట్టె వెనక్కి వెళ్ళి తన చాప మీద కూర్చుంది. ఆ చెయ్యి మళ్ళీ నాలోకి వచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. వణికితే వణకనీ. నేను అంచు మీదికి లేచాను, చెవులు టపటపలాడుతూ.

"ఓ సారూ, కెమెరా నడువనియ్యి. ఉత్తరానికి జవాబు చెప్తా."

సోమయాజులు గారు ఔననలేదు, కాదనలేదు. కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. అది శుభ్రంగానే ఉంది, అయినా తుడుస్తూనే ఉన్నారు. ఖాసిం గారు ఆయన వైపు చూశారు, నా వైపు చూశారు. "పెట్టమంటవా మామా?" అన్నారు.

"పెట్టు" అన్నాను. ఒక టీవీ కేంద్రంలో కెమెరా గాడిద ఆజ్ఞ మీద నడిచింది ఆ ఒక్కసారే అనుకుంటాను. మిగతాసార్ల సంగతి నాకు తెలియదు.

సుభాషిణి గారు గరిటె అందించారు. నేను దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాను. గరిటె నా చెవికి తగిలి టకటకమని మోగింది.

"హలో, కాగజ్‌నగరా? అఖిలా? నేను గంధం మామను. బిడ్డా, నీకు అబద్ధం చెప్పిన. నాది చలిజ్వరం గాదు. కషాయానికి పోదు. ఇంకెన్నడు పోదు. నాయనమ్మకు కషాయం బందు వెట్టు, పాపం నోరు కాలుతది. నువ్వు మంచిగనే చేసినవ్, తప్పు నాది. ఇగ నుంచి ఆమె నీళ్ళు తాగుతుంటె గిలాస నువ్వు పట్టుకో. చెయ్యి వణికినా గది నాయనమ్మ చెయ్యే గదా. భయపడకు." గరిటె దించి కెమెరా వైపు తిరిగాను. "ఇంకో మాట. వణికేది నేను గాదు. నా లోపల ఒకామె ఉన్నది. ఇరవై నాలుగేండ్ల సంది ఉన్నది. మీకెవ్వరు చెప్పలే."

ఆ మాట అని ఆమె చెయ్యి బయటికి తీసింది. నేను పెట్టె అంచు మీద ముక్కు కిందికి వాలిపోయాను. నా పక్కనే ఆ చెయ్యి పైకి లేచింది. సూదిపోట్లు పడిన వేళ్ళు, అరిగిన గోళ్ళు. వణుకుతూ అలా నిలబడింది. కింద ఆమె నోరు తెరవడం నాకు వినిపించింది. పేరు చెబుదామనుకుంది. రాలేదు. చెయ్యి ఒక్కటే, మాట లేకుండా, కెమెరా ముందు అలా వణికింది.

కట్ చెప్పాల్సింది సోమయాజులు గారు. చెప్పలేదు. ఆయన జీవితంలో చేసిన సాహసం అదే అనుకుంటే, మరునాడు ఆ టేపు ప్రసారానికి పోవడానికి సంతకం కూడా చేశారు. ఆయన సంతకం కూడా వణికిందని ఖాసిం గారు తరువాత చెప్పారు.

ఆదివారం ప్రసారమైంది. సోమవారం పైనుంచి ఉగ్రరూపంలో కాగితాలు వచ్చాయి. బొమ్మలో చెయ్యి చూపించి లక్షలాది పసిమనసుల నమ్మకాన్ని వమ్ము చేశారట. సోమయాజులు గారిని పంటల కార్యక్రమానికి బదిలీ చేశారు. వరికీ గోధుమకూ తేడా తెలియని ఆయన పదవీ విరమణ దాకా చీడపీడల గురించి చెప్పారు. 'పెట్టెలో ఊరు' మూతపడింది. అండాలును మళ్ళీ కుట్టుగదికే పంపారు. చెయ్యి సహకరించక మరుసటి ఏడు ఆమె మానేసింది.

వమ్మయిన పసిమనసుల నుంచి రెండు గోనెసంచుల ఉత్తరాలు వచ్చాయి. పైవాళ్ళు చదవలేదు, అండాలు చదివింది. కరీంనగర్ పిల్లాడొకడు ఇలా రాశాడు: 'మామా, నీ లోపల చెయ్యి ఉన్నదని మాకు ఎప్పటి నుంచో ఎర్కే. నీకు తెల్వదేమో, చెప్తే బాధపడతవని చెప్పలే.' ఇంచుమించు అందరూ అదే రాశారు. మూడేళ్ళ పిల్లలకు కూడా తెలిసిన ఆ రహస్యాన్ని ఇరవై నాలుగేళ్ళు పాటించి నమ్మింది స్టూడియోలోని పెద్దవాళ్ళు మాత్రమే.

కాగజ్‌నగర్ ఉత్తరం అన్నింటికంటే చిన్నది. 'గిలాస నేనే పట్టుకుంటున్న. కషాయం బందు వెట్టిన. నాయనమ్మ నీకు దండం చెప్పమన్నది. నీ లోపల ఉన్నామె పేరేంది?'

దానికి జవాబు పోలేదు. అండాలు కార్డు కొని, చిరునామా రాసి, పేరు రాయాల్సిన చోట ఆగి, ట్రంకుపెట్టెలో ఉన్ని టోపీల కింద పెట్టింది.

నేను పదకొండేళ్ళు గోదాములో ఉన్నాను. కుందేలును చెదలు తిన్నాయి. కలకత్తా బొచ్చు వాటికి రుచించింది. గొంగడి జోలికి ఏ పురుగూ రాలేదు. తరువాత ఎవరికో పాతవస్తువుల మీద ప్రేమ పుట్టి, కేంద్రం కింది అంతస్తులో ఒక ప్రదర్శనశాల పెట్టారు. పాత కెమెరాలు, పాత మైకులు, వాటి మధ్య ఒక గాజుపెట్టెలో నేను. లోపల చేతికి బదులు ఒక చెక్క. పక్కన గరిటె. కింద పలక: 'గంధం మామ. సృష్టి: చ. సోమయాజులు.'

ప్రారంభోత్సవం పొద్దున పదింటికి. పాతవాళ్ళను పిలిచారు. సోమయాజులు గారు చేతికర్రతో వచ్చారు. నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఆయన మైకు దగ్గరకు వెళ్ళకుండా నా దగ్గరకు వచ్చారు. గాజు మీద మోచెయ్యి ఆనించి, పాత అలవాటున నా బొత్తాలలోకి చూసి, "ఏవోయ్ గంధం, బాగున్నావా? ఏమంటావు?" అన్నారు.

అని ఆగారు. జవాబు కోసం ఆగారండీ. ఒక నిమిషం. ఆయన పెదవుల మీద నవ్వు మెల్లగా మాయమైంది. కర్ర పట్టుకున్న చెయ్యి వదులైంది. అందరూ నన్నే చూస్తున్నారు. నా లోపల చెక్క ఉంది. నేనేం చెప్పను?

"ఓ సారూ!"

వెనక వరసలోంచి వచ్చింది ఆ మాట. నా గొంతే. నేను ఉలిక్కిపడ్డాను, ఉలిక్కిపడే వీలుంటే. అండాలు కుర్చీలోంచి లేచి నిలబడింది. జుట్టు నెరిసింది. కుడిచెయ్యి ఒంటికి దూరంగా వణుకుతోంది, దాన్ని పట్టుకోలేదు, దాచలేదు.

"గాడిదనడిగితే ఏం చెప్తది సారూ? నన్నడుగుండ్రి."

సోమయాజులు గారు తిరిగి చూశారు. ఎన్నేళ్ళకో ఆమె మొహం సూటిగా చూశారు. "చెప్పండి అండాలు గారూ" అన్నారు. ఆ 'గారు' నేను మొదటిసారి విన్నాను.

"ఆ పలక మీద పేరు తప్పున్నది. ఇది నేను కుట్టిన. ఇరవై నాలుగేండ్లు నేనే మాట్లాడిన. నా పేరు అండాలు. మాది జనగామ." ఊపిరి తీసుకుని నవ్వింది. "కాగజ్‌నగర్ పిల్లకొక కార్డు బాకీ ఉన్న. రేపు నా పేరు రాసి ఏస్త. ఏమంటరు?"

"అట్లనే" అన్నారు సోమయాజులు గారు. ఆయన నోట ఆ మాట వచ్చిందని ఆయనకే తెలిసినట్టు లేదు.

జనం లేచారు. చేతులు కలిపారు, ఆ వణికే చేతిని పట్టుకున్నారు, ప్రశ్నలు అడిగారు. ఆమె అన్నింటికీ జవాబు చెబుతోంది, ఒకటికి రెండు తగిలించి మరీ. గాజుపెట్టె దగ్గర ఎవరూ మిగల్లేదు. ఇరవై నాలుగేళ్ళు ఆదివారాలన్నీ ఏలినవాణ్ణి, ఒక్కరు కూడా నా వంక చూడలేదు. నాకు చిన్నతనంగా ఉండాలి కదా? మరి ఈ సంతోషమెందుకో.

నాకేం ఎర్క? గాడిదను.